ఫ్రీ సీటు పిల్ల

నా చిన్నప్పుడు పక్కింటి అక్క ఒకామె నాకు శుద్ధ అబద్ధం చదివి వినిపించింది. అరవై ఏడేళ్లొచ్చాక, పోయిన నెలలో ఆ సంగతి తెలిసింది. అప్పటినుంచి నా ఒళ్లు మండిపోతూనే ఉంది.

మాది మెట్టుగూడలో రైల్వే క్వార్టర్. అక్క ఎనిమిదో తరగతి దాకా రైల్వే బడిలో చదివి, ఆపైన ఇంట్లోనే ఉండిపోయింది. లైబ్రరీ నుంచి ఇంగ్లీషు పిల్లల నవలలు తెచ్చుకునేది. అన్నీ సముద్రపు ఒడ్డున హాస్టల్ బడులు, గుహలు, సాహసాలు. నాకు అంత ఇంగ్లీషు రాదు కాబట్టి వరుసల మీద వేలు జరుపుతూ తెలుగులో చెప్పేది.

ఎనిమిదయ్యాక నాకు ఊరవతల పెద్ద హాస్టల్ స్కూల్లో ఫ్రీ సీటు వచ్చింది. యూనిఫారం కూడా వాళ్లే ఇచ్చారు. ఎవరో వాడి వదిలేసిన స్కర్టు, నడుము దగ్గర పాత కుట్లు విప్పిన గుర్తులు. అది తొడుక్కుని కలిగినవాళ్ల పిల్లల మధ్య నిలబడడమా? తీసుకెళ్లి పెరట్లో బొగ్గుల కుప్ప మీద పడేసి, పోనంటే పోనని మొండికేశాను. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

అక్క మాత్రం ఆ స్కర్టు ఉతికి తాడు మీద వేసి, అది ఆరేలోగా నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని ఒక పుస్తకం తెరిచింది. అందులో ఒక పిల్ల నాలాగే ఫ్రీ సీటు మీద, మాసికలేసిన కోటుతో బడికి వస్తుంది. అందరూ నవ్వుతారు. తుఫాను రోజున ఆ నవ్వినవాళ్లే గుహలో చిక్కుకుంటే, దారి కనిపెట్టి బయటికి తెచ్చింది ఆ పిల్లే. బడంతా లేచి చప్పట్లు కొడుతుంది. అక్క ఆఖరి పేజీ మీద వేలు ఆపి, "సూసినవా, ఆఖర్కి గెల్చింది ఎవరో?" అంది.

మర్నాడు ఆ స్కర్టే వేసుకుని వెళ్లాను. హాస్టల్లో "ఏయ్ ఫ్రీ సీటూ" అని పిలిచేవారు. నాకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. పాపం, వీళ్లకు కథ చివర తెలియదు అనుకునేదాన్ని. ఆ మొండితనంతోనే చదువుకుని టీచరునయ్యాను.

పోయిన నెల మా మనవరాలు స్కూలు నుంచి ఆ పుస్తకమే తెచ్చింది. అట్ట కొత్తది గానీ బడి, గుహ, మాసికల కోటు అన్నీ అవే. సంబరంగా అందుకుని చదివాను. గుహలోంచి అందరినీ కాపాడింది వేరే పిల్ల, డబ్బున్న ఇంటి పిల్ల! మాసికల కోటు పిల్ల తినే తీరు చూసి అందరూ నవ్వుతారు, రాసినావిడా నవ్వుతుంది. సగం పుస్తకానికల్లా ఆ పిల్ల కేకు దొంగిలించి దొరికిపోతుంది. ఇలాంటివాళ్లకు ఇలాంటి బడి సరిపడదని హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి పంపేస్తుంది. ఆ తర్వాత ఆమె ఊసే లేదు, మిగతావాళ్లు హాయిగా విందు చేసుకుంటారు. పిల్లల పుస్తకమట! పసివాళ్ల నోట్లో ఇంత విషం పెట్టడానికి ఆ మహాతల్లికి చేతులెలా వచ్చాయో.

"అమ్మమ్మా, ఆ కోటు అమ్మాయి భలే కామెడీ కదా?" అంది మనవరాలు. నోర్మూసుకోమని అరిచాను. పిల్ల బిక్కమొహం వేసింది. నవ్వమని రాస్తే నవ్వింది, దాని తప్పేముంది?

అక్క ఇప్పుడు మౌలాలిలో ఉంటోంది. ఆ కోపంలోనే ఫోన్ చేసి, "గంత అబద్ధం ఎందుకు చెప్పినవక్కా?" అని నిలదీశాను.

"ఉన్నదున్నట్టు చెప్తే నువ్వు పోతుంటివా?" అంది. మళ్లీ తనే, "నీకన్నా ముందు గదే బడిల నాకు సుత సీటొచ్చిందే. పోయే ముందు గా పుస్తకం చదివిన. ఇగ పోలే" అంది.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆమె నాకన్నా ఎంతో తెలివైనది. ఆ రోజు గడప మీద ఆమె ఇచ్చిన ధైర్యంతోనే ఇన్నేళ్లూ బతికాను. ఆమె పడాల్సిన కోపం కూడా ఇప్పుడు నేనే పడుతున్నాను, చచ్చేదాకా పడతాను.

మొన్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం ఉన్నదున్నట్టే చదివాను. నవ్వించే ప్రతి చోటా ఆగి, ఇందులో నవ్వడానికి ఏముందని అడిగాను. పిల్ల నవ్వలేదు.

"అమ్మమ్మా, ఇంటికి పంపేశాక ఆ అమ్మాయి ఏమైంది?" అంది.

"ఇంట్లోనే ఉండిపోయింది. నన్ను బడికి పంపించింది" అన్నాను.