విజయవాడ బస్సులో నేనన్న మాట

మామిడి కోతల మధ్యలో మా వైపు ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. మాకు తప్పలేదు. మా వారికి మెదడులో క్యాన్సర్ గడ్డ తీసి, తలకి రేడియేషన్ కరెంటు పెట్టించి ఎనిమిది నెలలైంది. ఫిట్స్ రాకుండా వేసే మాత్రలు ఆ ఉదయంతో అయిపోయాయి. విజయవాడలో డాక్టరు గారు చూసి చీటీ రాస్తేనే మళ్ళీ మాత్రలు, ఆయనేమో పన్నెండింటికల్లా వెళ్ళిపోతారు. ఇది ఎనభైల నాటి సంగతి. అప్పటి చార్జీలు ఇప్పుడెవరికీ పనికిరావు గానీ, ఇలాంటి మనిషిని వెంటబెట్టుకుని బయల్దేరేవాళ్ళకి మిగతాది పనికొస్తుందని రాస్తున్నాను.

ముసునూరులో ఆరున్నర బస్సెక్కి, మనిషికి రూపాయిన్నర ఇచ్చి, ఏడు దాటాక నూజివీడు బస్టాండులో దిగాం. పైకి చూస్తే మా వారికి ఏ జబ్బూ లేదు. తోటలు కౌలుకు పట్టి, ముప్పై మంది కూలీలకు ఒకేసారి పని పురమాయించిన మనిషి. ఇప్పుడు రెండు మాటలు కలిపి చెబితే రెండోది నిలవదు. చప్పుడెక్కువైతే కోపం. చొక్కా వేసుకుని, తర్వాత ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోతారు. చుట్టాలు దాన్ని బద్ధకమంటారు. అన్నీ నేనే చేసి చేసి నాకూ ఓపిక అడుగంటింది.

బస్టాండంతా కాయల గంపలు, జనం. విజయవాడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడుతున్నాయి. తువ్వాలు వేసినవాళ్ళదే సీటు, దానికి ఎవరూ ఎదురు చెప్పరు.

"సీటు నేను పడతా. నువ్వు సంచి చూస్కో," అన్నారు మా వారు. చాలా రోజులకి తనంతట తాను పూనుకున్న పని. కాదనలేక తువ్వాలు చేతికిచ్చాను.

ఎక్కి చూస్తే మా తువ్వాలు ఎక్కడా లేదు. పక్కనే ఆగిన విస్సన్నపేట బస్సులో, ఖాళీ సీటు మీద ఎర్రగళ్ళతో కనబడింది; ఆయన బస్సు పొరబడి వేశారు. నేను చెప్పేలోపే ఆయన మూడో వరసలో కూర్చున్న పెద్దాయన మీదికి వెళ్ళారు.

"నా తువ్వాలు తీసేసి కూర్చున్నావా? లే!"

"నేనేం తియ్యలేదండీ. ఇదిగో, ఇది నాదే."

కండక్టరు వచ్చాడు. "ఏంటండీ ఈ గొడవ? దిగండి ముందు."

దిగితే మాత్రలు లేవు. గట్టిగా అనేశాను: "ఆయనకి మతి సరిగా ఉండదండీ! ఏం చేస్తున్నారో ఆయనకే తెలీదు!"

బస్సంతా మా వంక చూసింది. ఆ పెద్దాయనే లేచి, "కూర్చోండి బాబూ," అన్నాడు. ఆగిరిపల్లి దాటినా మా వారు కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు. నాకు సిగ్గేసింది. సీటు దొరికినందుకు హాయిగానూ ఉంది, అబద్ధమెందుకు.

తొమ్మిదిన్నరకి విజయవాడ, అక్కణ్ణించి డాక్టరు గారి దగ్గరికి రిక్షాకి రెండు రూపాయలు. పదకొండున్నరకి లోపలికి పిలిచారు. "జ్ఞాపకం ఎలా ఉంటోందండీ?" అని డాక్టరు గారు మా వారినే అడిగారు.

ఆయన నన్ను చూపించారు. "ఆవిణ్ణడగండి. పొద్దున బస్సులో అందరికీ బాగా చెప్పింది."

నాకు ఏడుపాగలేదు. పొద్దున ఏం తిన్నారో గుర్తులేని మనిషికి నా మాట పొల్లుపోకుండా గుర్తుంది. ఆయనకేమీ తెలియదనుకుంటే నాకు పని తేలిక, అందుకే అలా అనుకుంటూ వచ్చాను. అలసటే కారణమని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆ మాట పడింది ఆయన.

ఒక్క సలహా. దారిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో, గుమ్మం దాటకముందే ఆ మనిషినే అడిగి పెట్టుకోండి. నేను ఆలస్యంగా, మందుల షాపు మెట్ల మీద అడిగాను. ఆయన మాత్రల పొట్లం జేబులో పెట్టుకుంటూ చెప్పారు.

"తలకి ఆపరేషనైంది, ఒక్కొక్క మాటే చెప్పండి, అను. 'ఆయనకేం తెలీదు' అని మాత్రం అనకు."