శనిగ్రహం నుంచి ఫోన్

ఆదివారం సాయంత్రం. ఆకాశం ఇంకా కళ్లలో ఉండగానే రాస్తున్నాను.

నాలాగే అంతరిక్ష నవలల పిచ్చి ఉన్న మా మనవరాలు ఈ రోజు తన మొదటి కథ చూపించింది. అందులో శనిగ్రహం దగ్గరి నుంచి కథానాయిక ఫోన్ చేస్తే, హైదరాబాద్ జహనుమాలో ఉన్న నానమ్మ వెంటనే జవాబిచ్చింది. ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశాను. కాంతికే అక్కడి నుంచి రావడానికి సుమారు ఎనభై నిమిషాలు పడుతుంది.

"గంతసేపు ఎవరు కూసుంటరు నానమ్మా? కథ పాడైతది. ఇగ నేను రాయ!"

"నేను కూసుంట. నువ్వు లెక్క తప్పకు."

తను మళ్లీ పెన్ను తీసింది. నేను మిద్దెక్కి, ఎవరో పిలుస్తున్నట్టే ఆకాశం చూస్తూ కూర్చున్నాను.

ఇక జరగవలసినవి:
1. బుధవారానికి కథ పూర్తి కావాలి.
2. కథలో నానమ్మ చాయ్ మీద మూత పెట్టుకోవాలి.
3. ఆమె జవాబు చేరడానికి మరో ఎనభై నిమిషాలు. అంతసేపూ శని దగ్గర ఆ కథానాయిక ఏం చేస్తుందో ఇది చదివే మీరు చెప్పాలి.