పొద్దున ఎమ్మెల్యే, మధ్యాహ్నం వకీలు

1961 ఫిబ్రవరిలో నన్ను కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి సెక్షన్‌కు సూపర్వైజర్‌గా వేశారు. ప్రజాపనుల శాఖలో సూపర్వైజర్ అంటే పని జరిగేచోట ఎండలో నిలబడే సాంకేతిక ఉద్యోగి. పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉంటారు. తప్పు ఎక్కడ జరిగినా సంజాయిషీ కాగితం ఒక్కో మెట్టూ దిగి మా దగ్గర ఆగుతుంది.

నా సెక్షన్‌లో ఒక చెరువు కట్ట అంతకుముందు వానల్లో తెగింది. గండి పూడ్చే పని ఒక కాంట్రాక్టు కంపెనీకి ఇచ్చారు. మట్టికట్టకు ఒక పద్ధతి ఉంది. జానెడు మందాన మట్టి పరచాలి, తడపాలి, రాతి రోలరు తిప్పాలి. ఆ తర్వాతే పై పొర. నేను చేరేసరికి పని సగానికి పైగా అయిపోయింది. చాలాచోట్ల పొడి మట్టే పోశారని రైతులు చెప్పారు. విన్నమాట మీద రిపోర్టు రాయకూడదు కనుక కట్ట మీద మూడుచోట్ల గుంతలు తీయించాను. రెండుచోట్ల గడ్డపార దింపడానికి మనిషి చెమటోడ్చాడు. మూడోచోట నిలబెట్టి వదిలితే దానంతటదే దిగింది. అక్కడ ముప్పై గజాల మేర కట్టను అడుగుదాకా విప్పి మళ్లీ వేయాలని రాశాను. కంపెనీ ఒప్పుకోలేదు.

వానలు పడేలోగా ఇది తేలకపోతే చెరువు నింపడానికి వీల్లేదు. నింపకపోతే ఆబి, అంటే వానకాలం వరి, లేనట్టే. తూము కిందనే పొలం ఉన్న పోశవ్వకు అప్పటికే ఒక పంట పోయింది. ఆమే నలుగురు రైతులను వెంటబెట్టుకుని వెళ్లి తమ ఎమ్మెల్యేను పిలుచుకొచ్చింది.

మార్చిలో అసిస్టెంట్ ఇంజనీరు తనిఖీకి వచ్చిన రోజు ఎమ్మెల్యే కూడా జీపులో వచ్చాడు. ఖద్దరు ధోతి, కాళ్లకు చెప్పులు. మూడో గుంతలోకి స్వయంగా దిగి మట్టి చేత్తో నలిపి చూశాడు.

“సూపర్వైజర్ సాబ్, మీరు జర గట్టిగుండాలె. గీ ముప్పై గజాలు విప్పకుంట చెరువు నింపితే మల్ల తెగుతది” అన్నాడు.

నా రిపోర్టును అంత శ్రద్ధగా చదివిన ప్రజాప్రతినిధిని నేను అంతవరకు చూడలేదు. సంతోషించాను. ఆ సంతోషం భోజనాల వేళదాకా ఉంది.

మధ్యాహ్నం డాక్ బంగళాలో కంపెనీ అభ్యంతరాలపై విచారణ. కంపెనీకి నెలజీతం మీద ఒక వకీలు ఉన్నాడని, ఆయన వస్తాడని చెప్పారు. అదే జీపు వచ్చింది. అదే మనిషి దిగాడు. ధోతికి బదులు ప్యాంటు, పైన నల్లకోటు. గుంతలు తీసేముందు నోటీసు కాంట్రాక్టరుకు ఇవ్వాలని ఒప్పందంలో ఉండగా నేను పనిచోట ఉన్న మేస్త్రీకి ఇచ్చానని, కనుక గుంతలు చెల్లవని వాదించాడు. చక్కగా వాదించాడు. పొద్దున ఆయనే గుంతలో దిగి చూశాడు కదా అని అడిగాను.

“పొద్దుగాల వచ్చింది ఎమ్మెల్యే. గిప్పుడు వచ్చింది వకీలు. ఇద్దరు నాతోనే ఉంటరు గని, ఒకల పని ఒకలకు చెప్పరు” అన్నాడు, ఏమాత్రం తడబడకుండా.

వరండాలో కూచున్న పోశవ్వ లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

“మరి మేమేసిన ఓటు గా ధోతికి పడ్డదా, గీ కోటుకు పడ్డదా, సారూ?”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

దీనికి నిబంధన ఏదైనా ఉందా అని ఆ సాయంత్రం అసిస్టెంట్ ఇంజనీరును అడిగాను. శాసనసభ్యుడు ప్రభుత్వం కింద లాభదాయకమైన పదవిలో ఉండరాదని రాజ్యాంగంలో ఉందని, ప్రైవేటు కంపెనీ జీతానికి అది అడ్డురాదని ఆయన వివరించారు. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పుకుంటానని నేను పెట్టుకున్న దరఖాస్తు నెల ముందే తిరిగివచ్చింది. శాఖ పనిపై ధ్యాస చెదురుతుందని దానిమీద కారణం రాశారు.

విచారణలో మాట నెగ్గదని తోచిందేమో, వకీలు కోర్టుకు వెళ్లాడు. ఆ ముప్పై గజాలే వివాదంలో సాక్ష్యం కనుక తీర్పు వచ్చేదాకా ఎవరూ తాకరాదని ఉత్తర్వు తెచ్చాడు. జూన్‌లో వానలు దిగాయి. కట్టను తాకకుండా కాపాడాలంటే నీళ్లు నిలవనీయకూడదు. తూము పూర్తిగా తెరిపించి, నీళ్లు పొర్లిపోయే మత్తడిని కిందికి కొట్టించాను. ఆ పని జరుగుతున్నంతసేపూ పోశవ్వ నారుమడి గట్టు మీద నిలబడి చూసింది. కట్ట నిలిచింది. చెరువు ఎండింది. నారు మడిలోనే ముదిరి పశువుల పాలైంది.

ఆగస్టులో పైఆఫీసు నుంచి ఒక కాగితం దిగింది. ఆ చెరువు నీళ్లు వృథాగా వదిలిన సిబ్బందిపై ఏ చర్య తీసుకున్నారని శాసనసభలో ప్రశ్న వేశారు. వేసింది ఆ ఎమ్మెల్యేనే. జవాబు చిత్తు రాసే పని నాకు పడింది. కోర్టు ఉత్తర్వు వల్ల వదిలామని, ఆ ఉత్తర్వు తెచ్చిన వకీలు ప్రశ్న వేసిన గౌరవ సభ్యులేనని రాశాను. అసిస్టెంట్ ఇంజనీరు రెండో సగం కొట్టేశారు. వకీలు ఎవరని సభ్యులు అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పే పద్ధతి లేదు అన్నారు. పద్ధతి ప్రకారం ఆయన మాటే సరైనది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. పండని పంటకు శిస్తు మాఫీ చేయించడానికి ఎమ్మెల్యే కాళ్లరిగేలా తిరిగి సాధించాడు.

మరుసటి ఎండాకాలం కోర్టు నా గుంతలు చెల్లుతాయంది. ముప్పై గజాలు విప్పి మళ్లీ వేశాం. అప్పటికి పోశవ్వ పొలం కౌలుకిచ్చి బీడీలు చుడుతోంది.

ఆయన అవినీతిపరుడని నేను ఎప్పుడూ అనలేదు. రెండు కొలువులూ నిజాయితీగా చేశాడు. రెండోది కాస్త బద్ధకంగా చేసి ఉంటే పోశవ్వకు ఆ పంట దక్కేది. ఎన్నికైన మనిషికి వేరే జీతమిచ్చే యజమాని ఉండకూడదన్న నిబంధన కావాలని అప్పటినుంచీ నా అభిప్రాయం. మనిషి మంచివాడైనా సరే, అది ఉండాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నా పనిచోటికి ఏ ప్రజాప్రతినిధి వచ్చినా, ఏ హోదాలో వచ్చారని ముందే అడిగి సైట్ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకునేవాడిని. చాలామందికి కోపం వచ్చేది. ఇద్దరు మాత్రం జీపు దిగకుండానే వెనక్కి వెళ్లారు.