వెనక సీటు మీద ఉప్పు మరక

తెల్లవారుతూనే కారు అద్దాల మీది మంచును నేను పాత లుంగీగుడ్డతో తుడిచేదాన్ని. మా ఆయన అమ్మిరాజు లోపల కూర్చుని బటన్ నొక్కేవారు. చప్పుడేమీ రాదు, దీపాలు మాత్రం వెలుగుతాయి. "లేచిందా?" అని నేను, "లేచింది, వెళ్లి టీ పెట్టు" అని ఆయన. రోజూ ఇంతే. ఇప్పుడు ఆ గుడ్డతో అరుగు తుడుస్తున్నాను. కారు మీది మంచు ఎండకు దానంతటదే ఆరుతోంది.

అది హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన హైబ్రిడ్ కారు. పెట్రోలుతోనూ నడుస్తుంది, వెనక సీటు కింద ఉన్న పెద్ద బ్యాటరీతోనూ నడుస్తుంది. మా ఆయన దాన్ని అమలాపురంలో కిరాయికి తిప్పేవారు. కుదుపు లేకుండా నడుపుతారని కాన్పులకు వెళ్లేవాళ్లు ఆయన్నే పిలిచేవారు. పసిబిడ్డతో తల్లి ఎక్కితే గుంతల దగ్గర నడిచే మనిషికన్నా నిదానంగా పోనిచ్చేవారు. వెనక హారన్ కొట్టేవాళ్లకు చెయ్యి బయటపెట్టి దణ్ణం పెట్టేవారు. కోపం తెలియని మనిషి. ఆ కోపమంతా నాకు మిగిల్చి వెళ్లిపోయారు.

పోయిన వానాకాలంలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు బాగానే ఉంటుంది. ఒకరోజు స్టీరింగు ముందు ఎర్రదీపాలన్నీ వెలిగి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. జొన్నాడ దగ్గర పొద్దున్నే పెళ్లివారిని హైవే మీద దింపేయాల్సి వచ్చింది. కొత్తపేటలో మెకానిక్ నాగదుర్గాప్రసాద్ దగ్గరకు తీసుకెళితే మధ్యాహ్నం ఎండలో ఏ లోపమూ కనపడేది కాదు. చిన్న బ్యాటరీ మార్చాడు, ఫ్యూజులు మార్చాడు. చివరకు "మీరే సరిగ్గా చూసుకోవట్లేదేమోనండి" అన్నాడు. ఆ మాట మా ఆయన మింగలేకపోయారు. పిలిచేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కార్తీకంలో ఒక ఉదయం టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది.

మా మరిది హరిబాబు దినం భోజనాల్లో విస్తళ్ల మధ్య నిలబడి, "డొక్కు బండి కొని అన్నయ్య పరువు తీసుకున్నాడండి, దాన్ని చూసుకోవడమూ చేతకాలేదు" అని అందరికీ చెప్పాడు. నేను వడ్డిస్తూ విన్నాను.

మాసికం దగ్గర పడుతుండగా మళ్లీ వచ్చాడు.

"తుక్కువాడితో మాట్లాడేను వదినగారూ. వచ్చి పట్టుకెళ్తాడు."

"ఎందుకు ఆగిపోతోందో తెలియకుండా ఇవ్వను."

"తెలుసుకుని ఏం చేస్తారు? మీరు నడుపుతారా?"

"నడపను. ఆయన తప్పో కాదో తెలియాలి."

"ఆయ్! అయితే మీరే మెకానిక్ అయిపోండి. ఐదో తరగతి చదివేరు కదా, సరిపోద్ది."

మా అత్తగారు పెద్దింట్లమ్మ నవ్వింది. కొడుకు పోయిన ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

మర్నాడు మంచు బాగా పడింది. కారు తలుపు తీసి వెనక సీటు మీద చెయ్యి వేశాను. అంచున తెల్లటి మరక. మిగతా సీటంతా పొడిగా ఉంది, అక్కడ మాత్రం వేలికి తడి తగిలింది. వానాకాలంలో మా వంటింటి ఉప్పుజాడీ ఇలాగే చెమ్మగిల్లుతుంది. నాలుక మీద పెట్టి చూశాను. ఉప్పే.

మా ఇంట్లో ఉప్పునీళ్లతో పనున్నది ఒక్కరికే. హరిబాబు ముమ్మిడివరం చెరువులకు రొయ్యపిల్ల తెచ్చి వేస్తాడు. ఆ పిల్ల ఉప్పునీళ్లు పోసి గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వస్తుంది. "నీ కారైతే కుదుపుండదు అన్నయ్యా, పిల్ల చావదు" అని ఎన్నిసార్లు పట్టుకెళ్లాడో!

మెకానిక్‌కు ఫోన్ చేసి, ఎండెక్కక ముందే రమ్మన్నాను. విసుక్కుంటూనే వచ్చాడు. బటన్ నొక్కితే ఎర్రదీపాలు వెలిగాయి. కరెంటు తెగేలా ప్లగ్ లాగి, రబ్బరు తొడుగులు వేసుకుని, కాసేపు ఆగి సీటు ఎత్తాడు. బ్యాటరీ మీది రాగి పట్టీలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఉప్పునీళ్లండి. సీటు పక్కన బ్యాటరీకి గాలి పోయే కన్నంలోంచి దిగేయి. చెమ్మ తగిలితే ఆగిపోద్ది, ఎండితే మామూలే. నేను ఎప్పుడూ ఎండలోనే చూసేను."

"అప్పుడు సీటు ఎత్తేరా?"

"లేదండి."

"ఎత్తకుండానే ఆయన్ని అన్నారు."

తల దించుకుని, పట్టీలు మారిస్తే బాగవుతుందన్నాడు. "మార్చండి. సీటు మాత్రం తుడవకండి" అన్నాను.

మాసికం పొద్దున హరిబాబుకు ఆ మరక చూపించాను.

"ఏదో ఒకటి రెండు సంచులు కారేయి. నీళ్లే కదా అనుకున్నాను."

"బండి ఎందుకు ఆగుతోందో తెలియక మీ అన్నయ్య తిండి మానేసినప్పుడు చెప్పొచ్చు కదా, మరిదిగారూ?"

మా అత్తగారు అడ్డొచ్చింది. "పోయినోడు ఎలాగూ రాడు. ఉన్నోడి పరువు చూడు. చుట్టాలు వచ్చే వేళయింది, ఆ మరక కడిగెయ్."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

బకెట్టు నిండా నీళ్లు తెచ్చి కారు పక్కన పెట్టాను. లుంగీగుడ్డ బకెట్టు అంచు మీద వేశాను. దినానికి వచ్చి హరిబాబు మాట విన్నవాళ్లే ఒక్కొక్కరూ గేటులోంచి వస్తున్నారు. వాళ్లు నడిచే వైపున్న వెనక తలుపు బార్లా తెరిచాను.

"ఇదేం మరకమ్మా?" అని మొదటావిడ ఆగి అడిగింది.

"మా మరిదిగారు చెప్తారండి" అని వంటింట్లోకి వచ్చేశాను.

భోజనాలయ్యేసరికి గుడ్డ పొడిగానే ఉంది.