మేకుకు తగిలించిన హెల్మెట్

శాలిబండలో గుండయ్యతో వాదించి గెలిచినవాడు లేడు. ఉన్నా గుండయ్య ఒప్పుకోడు కాబట్టి లేనట్టే. తండ్రి పెట్టిన కిరాయి సైకిళ్ల దుకాణం అతనిది. గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మిగిలింది పంక్చర్లు, బ్రేకులు, చైన్లు. అరవై ఆరేళ్ల వయసులో, మోకాళ్లు సలుపుతున్నా, ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తూ పొద్దస్తమానం కూర్చునేవాడు. ఆ గల్లీల్లో ఇవాళ తాతలైనవాళ్లలో సగం మందికి సైకిలు నేర్పింది తనేనని చెప్పుకునేవాడు. అందులో అబద్ధం తక్కువే.

అతనికున్న ఒకే ఒక్క దోస్తు జుల్ఫికర్. నయాపూల్‌లో కోర్టు దగ్గర రఫూ పని చేసేవాడు. అంటే చిరిగిన బట్టను అతుకు కనబడకుండా దారంతో అల్లడం. వకీళ్ల నల్లకోట్లు ఎన్ని అతని చేతిలో బాగుపడ్డాయో లెక్కలేదు. ఇల్లు జహనుమాలో. నలభై ఏళ్లుగా పొద్దున సైకిలు మీద శాలిబండ దాకా వచ్చి, గుండయ్య దగ్గర చాయ్ తాగి నయాపూల్ పోవడం, సాయంత్రం మళ్లీ ఆగి ఇంటికి పోవడం అతని అలవాటు. గుండయ్య ఎంత నోరు పెట్టుకుని బతికాడో ఆయన అంత నెమ్మదస్తుడు. ఇద్దరికీ ఎలా కుదిరిందో గుండయ్య భార్య విజయలక్ష్మికి కూడా అంతుపట్టలేదు.

జుల్ఫికర్ కూతురు ఫరీహా భర్త పోయాక, కూతురు అలీనాను తీసుకుని తండ్రి దగ్గరే ఉంటోంది. ప్రైవేటు బడిలో టీచరు. తండ్రికి చూపు తగ్గుతోందని ఆమెకు బెంగ. సైకిలు మానమంటే ఆయన వినలేదు. చివరికి ఒక హెల్మెట్ కొనుక్కొచ్చి, ఇది పెట్టుకోకుండా గడప దాటితే తాను అన్నం ముట్టనంది. తెల్లటి, తేలికైన హెల్మెట్. పైన గాలికి గాడులు ఉన్నాయి. గడ్డం కింద పట్టీ.

మొదటిరోజు దాన్ని పెట్టుకుని వచ్చిన జుల్ఫికర్‌ను చూసి గుండయ్య చేతిలోని పానా కింద పెట్టేశాడు.

"ఏంది భాయ్, చంద్రమండలం పోతున్నవా?"

"ఫరీహా లొల్లి. ఏం జేస్త?"

"సైకిల్‌కు హెల్మెట్ ఏంది? రేపు నడిచేటోళ్లకు గూడ పెట్టుమంటరు. తియ్‌రా నాయనా, నవ్వుతరు."

జుల్ఫికర్ సిగ్గుపడి తీసేశాడు. దుకాణం లోపలి గదిలో, పాత టైర్ల వెనక, గోడకు ఒక మేకు ఉంది. గుండయ్యే దాన్ని తీసుకుపోయి ఆ మేకుకు తగిలించాడు. సాయంత్రం మళ్లీ తీసి ఇచ్చాడు. జహనుమా మలుపులో అది మళ్లీ జుల్ఫికర్ తలకెక్కింది.

అలా ఏడాది నడిచింది. పొద్దున జహనుమా నుంచి శాలిబండ దాకా కూతురి కోసం హెల్మెట్. శాలిబండ నుంచి నయాపూల్ దాకా, అంటే అసలు రద్దీ అంతా ఉండే దారిలో, ఒట్టి తల. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ముసలితనంలో ఇద్దరు చేసిన చిలిపిపని అది. గుండయ్యకు దానిమీద మహా ముచ్చట ఉండేది.

సాయంత్రాలు దుకాణం ముందు బల్ల మీద రిటైరైన మాస్టారు వైకుంఠం వచ్చి కూర్చునేవాడు. ఆయన హెల్మెట్ పక్షం.

"పడ్డప్పుడు నెత్తి సైకిల్‌దా, మోటర్‌దా అని రోడ్డు అడుగదు గుండయ్యా," అనేవాడు.

"సర్కారుకే లేని ఫికర్ మీకెందుకు సార్? సైకిలోడు పొయ్యేదే నడక కంటే జరంత ఎక్కువ. రోడ్లు మంచిగ చేయుమనుండ్రి, ఆటోలోళ్లను సక్కగ నడుపుమనుండ్రి. అది చేతగాక మా నెత్తి మీద డిప్ప బోర్లిస్తరా? ఎండలకు మెదడు ఉడికిపోతది."

"జుల్ఫికర్ భాయ్‌ని జూసి నేర్చుకో."

జుల్ఫికర్ ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని, తల వంచుకుని నవ్వేవాడు. గుండయ్య పైకి చూసి దగ్గేవాడు. పాపం, మాస్టారు ఆ నవ్వు తన గెలుపు అనుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున, చాయ్ తాగి బయలుదేరిన పావుగంటకు, నిలిపి ఉన్న కారు తలుపు ఎవరో వెనక చూడకుండా తెరిచారు. జుల్ఫికర్ దానికి గుద్దుకుని ఎగిరి పడ్డాడు. తల ఫుట్‌పాత్ రాయికి తగిలింది. ఎవరో ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చారు. కబురు తెలిసి గుండయ్య పరిగెత్తేసరికి ఫరీహా అక్కడే ఉంది. మూడోరోజు ఆయన కన్ను తెరవకుండానే పోయాడు.

ఆసుపత్రి వరండాలో గుండయ్య ఒక డాక్టరును పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు. "హెల్మెట్ ఉంటే బతికేటోడా, సాబ్?"

"చెప్పలేం పెద్దాయనా. దెబ్బ తగ్గేదేమో. తగ్గకపోయేదేమో."

గుండయ్య తన జీవితంలో మొదటిసారి తిరిగి వాదించలేదు.

ఖననం అయిన మర్నాడు ఫరీహా అడిగింది. "మా అబ్బాజాన్ హెల్మెట్ కనవడ్తలేదు చాచా. సైకిల్ దొరికింది, అది దొరకలే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. కానీ గుండయ్య నోట వచ్చింది ఇదీ. "పడ్డకాడ ఎవరన్న ఎత్కపొయ్యుంటరు బిడ్డా."

ఆ ఒక్క మాట ఊరంతా తిరిగింది. హెల్మెట్ పెట్టుకుని కూడా జుల్ఫికర్ పోయాడట అన్నారు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు బల్ల మీద కూర్చుని అదే చెప్పేవారు. "పెట్టుకున్నోడికి ఏమొరిగింది? గుండయ్య మొదటి సంది గదే అంటుండె." వైకుంఠం మాస్టారు కొన్నాళ్లు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు, "నువ్వన్నదే నిజమైంది," అని లేచిపోయాడు. నలభై ఏళ్లలో గుండయ్యకు అంత తిరుగులేని గెలుపు దక్కలేదు. అన్నం సయించడం మానేసింది. హెల్మెట్ ఆ మేకుకే వేలాడుతోంది. దానిమీద ఒక గోనెసంచి కప్పాడు. లోపలి గదిలోకి టైరు కోసం పోవాల్సివస్తే, లేదని చెప్పి గిరాకీని పంపించేవాడు.

విజయలక్ష్మి రెండుసార్లు అడిగింది. "ఏం మనాది పెట్టుకున్నవు?" దోస్తు పోయిన దుఃఖమన్నాడు. అది అబద్ధమేమీ కాదు.

జూన్‌లో బడులు తెరిచారు. ఒక పొద్దున పదమూడేళ్ల అలీనా దుకాణం ముందు ఆగి సైకిలు దిగింది. బ్రేకు పట్టడం లేదంది. తలకు స్కార్ఫు తప్ప ఏమీ లేదు. పోయినేడు ఆ పిల్లకూ ఒక హెల్మెట్ ఉండేది, గులాబీ రంగుది.

"నీ హెల్మెట్ యాడ బేటీ?"

"అమ్మీ ఎవరికో ఇచ్చేసింది. తాత పెట్టుకున్నా ఏం ఫాయిదా కాలేదు గదా, ఇగ ఎందుకు అన్నది."

గుండయ్య బ్రేకు బిగించాడు. రెండుసార్లు నొక్కి చూశాడు. ఆ పిల్ల బస్సుల మధ్యలోంచి, ఆటోల పక్కనుంచి స్కార్ఫు ఎగురుతూ పోతుంటే, మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. భయమేసింది. ఇది జుల్ఫికర్ చావును తల్చుకుని వేసిన భయం కాదు, ఇంకా జరగనిదాని గురించి. లోపలి గదిలోకి పోయి హెల్మెట్ మీది గోనెసంచి తీశాడు.

ఆ సాయంత్రం జహనుమాలో ఫరీహా పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటోంది. గుండయ్య కూర్చోలేదు. సంచిలోంచి హెల్మెట్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నా దుకాణంలనే ఉండె బిడ్డా. ఆ దినం ఆయన నెత్తి మీద లేకుండె. రోజూ నా దగ్గర పెట్టి పొయ్యేటోడు. నేనే నవ్విన. నేనే తీపిచ్చిన."

ఫరీహా పెన్ను కింద పెట్టి దాన్ని చేతిలోకి తీసుకుంది. "రోజూనా?"

"శుక్రారం జుమ్మా తప్ప రోజూ."

"పొద్దుగూకి వచ్చి నా చేతికిచ్చేటోడు చాచా. దుమ్ము పట్టిందని నేను తడిగుడ్డతోని తుడిచి పెట్టేదాన్ని." ఆమె హెల్మెట్ మీద వేలు రాసి చూసింది. మళ్లీ అంది, "ఇది ఉంటే బతికేటోడా?"

"తెల్వది బిడ్డా. డాక్టర్ సాబ్‌కు గూడ తెల్వదట. పిల్లకు మాత్రం పెట్టు. నా అబద్ధం ఇని తీసెయ్యకు."

"నేను చేయాల్సింది చేసిన అని ఒక్క నిమ్మళమన్న ఉండె నాకు," అంది ఫరీహా. "రోజూ రాత్రి గదే తల్చుకుని పండుకుంటున్న."

 తిట్టినా బాగుండునని గుండయ్య నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

"పోండి చాచా. ఇగ రాకుండ్రి."

తిరిగొస్తూ దారిపొడుగునా సైకిలు నడిపించుకునే వచ్చాడు. ఎక్కబుద్ధి కాలేదు. మర్నాడు వైకుంఠం మాస్టారి ఇంటికి పోయి ఆయనకూ చెప్పాడు. బల్ల మీదికి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. కొందరు ఓదార్చారు. కొందరు ఆ మరుసటి వారం నుంచి బల్ల మీద కూర్చోవడం మానేశారు.

పది రోజులకు, బడి వేళకు, అలీనా వెనక చక్రంలో గాలిపోయిన సైకిలును నెట్టుకుంటూ రావడం గుండయ్య దూరం నుంచే చూశాడు. లేచి, తొట్టిలో నీళ్లు మార్చి, పంపు బయట పెట్టాడు. పిల్ల దుకాణం దాకా వచ్చింది. ఒకసారి అతని వైపు చూసింది, చూపు తిప్పుకుంది. ఆగకుండా, నాలుగు దుకాణాల అవతలి పంక్చరువాడి దగ్గరికి నెట్టుకుపోయింది.

 గుండయ్య పంపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పిల్ల నెత్తిన తాత తెల్ల హెల్మెట్ ఉంది, కొంచెం వదులుగా. సైకిలు ఎక్కకుండా నడుస్తున్నా, గడ్డం కింద పట్టీ బిగించే ఉంది.