మేడ దిగిన యంత్రం

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే చాలు, కంప్యూటర్ కోర్సు బోర్డు తగిలించే రోజులవి. ఆ రోజుల్లో నా ఉద్యోగం గాలిని కొలవడం. నవ్వకండి, నిజంగానే! పంజాగుట్ట చౌరస్తా పక్కన ఓ ఆఫీసు మేడ మీద మా యంత్రం ఉండేది. అది గాలి పీల్చి, లోపలి ఫిల్టర్ కాగితం మీద దుమ్ము పట్టేది. ఆ కాగితాన్ని తూకం వేసి లెక్క రాయడం నా పని.

అదే చౌరస్తాలో మా అన్న ట్రాఫిక్ కానిస్టేబుల్. యూసుఫ్‌గూడలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. పొద్దంతా పొగలో నిలబడి ఆయనకు వదలని దగ్గు పట్టుకుంది. డ్యూటీ గంటలు తగ్గించమని అడిగితే, గాలి బాగానే ఉంది కదా అని పైవాళ్లు మా ఆఫీసు లెక్క చూపించారట. ఆ లెక్క రాసిన మహానుభావుణ్ణి నేనే! వారం రోజులు వదిన నాకు చారు పోసిందే తప్ప కూర వెయ్యలేదు.

మేడ మీద గాలి వేరు, రోడ్డు మీద గాలి వేరు. అయినా యంత్రాన్ని మేడెక్కించడం మా అలవాటు. అక్కడైతే కరెంటు ఉంటుంది, దొంగల భయం ఉండదు, దాని మీద ఎవరూ టీ గ్లాసులు పెట్టరు. కిందికి దింపుదామని మా ఆఫీసరు గారిని ఎంత బతిమాలానో. గుంటూరు వైపు మనిషి, మంచివాడే గానీ, పరువంటే ప్రాణం.

“మనం ఒక్కళ్లమే దింపితే మన ఊరి గాలే పాడయిందనుకుంటారయ్యా. వచ్చే కంపెనీలు ఇంకో ఊరు చూసుకుంటాయి.”

నాకు ఒళ్లు మండేది. ఊరి పరువు కోసం మా అన్న దగ్గాలా?

అప్పుడే ఇరుగుపొరుగు దేశాల అధికారులు బేగంపేటలో ఓ హోటల్లో సమావేశమయ్యారు. ఒక దేశంలో పొగ లేస్తే పక్క దేశంలో కళ్లు మండుతాయి కాబట్టి అందరూ ఒకే తీరుగా కొలవాలన్నది వాళ్ల మాట. ఓ పూట వాళ్లకు మా యంత్రం చూపించే పని నాకు పడింది. లిఫ్టు లేదు. రొప్పుతూ మేడెక్కారు. యంత్రాన్ని చూడగానే శ్రీలంక పెద్దాయన పకపకా నవ్వి, తమదీ మేడ మీదేనన్నాడు. నేపాల్ ఆయన సిగ్గుపడుతూ తమది బ్యాంకు మీదన్నాడు. ఇంకొకావిడది ఆసుపత్రి మీద. దొందూ దొందే అంటారే, అక్కడ అందరూ అంతే.

మర్నాడు అందరూ ఒక మాట మీదికి వచ్చారు. మనుషులు ఊపిరి పీల్చే ఎత్తుకు యంత్రాలు దింపాలి, అన్ని దేశాలూ ఒకేసారి. ఒకేసారి అనేసరికి మా ఆఫీసరు గారికి ప్రాణం లేచొచ్చింది. అందరి గుట్టూ బయటపడుతుంటే మన పరువొక్కటే పోదు కదా! దగ్గరుండి మరీ రోడ్డు పక్కన ఇనుప స్టాండు కట్టించాడు.

కిందికి దింపాక మొదటి కాగితం మసిగుడ్డలా వచ్చింది. నాకెంత సంతోషమో! ఆ లెక్క అన్న పైవాళ్లకు వెళ్లాక ఆయన చౌరస్తాలో నిలబడే డ్యూటీని సగం చేసి, మిగతా సగం స్టేషన్లో వేశారు. గాలి పాడయిందని లడ్డూలు కొన్న ఇల్లు ఊళ్లో మాదొక్కటే అయ్యుంటుంది.

అన్న ఆ సాయంత్రం వెలుతురుండగానే ఇల్లు చేరాడు. జరిగిందంతా విని, సగం కొరికిన లడ్డూ పళ్లెంలో పెట్టేశాడు.

“నేను ఇన్నొద్దులు దగ్గితె ఎవ్వరు నమ్మలే. గిన్ని దేశాలు గూడితెగాని నా దగ్గు నిజమని తేలలేదు గదరా తమ్మీ.”