అమ్మ నా మంచంలో పండుకున్న పొద్దు

రాండమ్మా, దగ్గరగా కూర్చోని ఇనండి. అప్పటికి నాకింకా పెండ్లి కాలేదు. మాది ఆళ్లగడ్డ. టైఫాయిడ్ జ్వరమొచ్చి నంద్యాల ఆస్పత్రిలో ఉంటే, అమ్మ తోడుండింది.

ఒకరోజు కొత్త డాక్టరమ్మ, ఏ జబ్బుతో వచ్చిన ఆడోళ్లనైనా సరే, రొమ్ములో గడ్డలున్నాయేమోనని వరసగా చూసుకుంటా వస్తాంది.

"పెండ్లి కావాల్సిన పిల్లను రవిక విప్పమంటారా? నువ్వు వరండాలోకి పో" అని అమ్మ నన్ను తరిమేసి, నా మంచంలో తాను పండుకునింది.

నేను కిటికీలోంచి చూస్తాండా. డాక్టరమ్మ చెయ్యి అమ్మ రొమ్ము మీద ఒకచోట నిలిచిపోయింది.

"ఇదెన్నాళ్ల నుంచి ఉందమ్మా?"

"నేను రోగిని కాదు తల్లీ, రోగి నా బిడ్డ. ఆ గడ్డదేముంది, నొప్పే లేదు."

"దొంగ రోగి దొరికెనే!" అనింది పక్క మంచం మస్తానమ్మ. వార్డంతా నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "నొప్పి లేని గడ్డంటేనే నాకు భయం" అనింది.

నాకు జ్వరం తగ్గింది. అమ్మను కర్నూలు తీసకపోయి రొమ్ము తీసేసినారు. అప్పటికే జబ్బు చంకలోకి పాకింది.

"నిన్ను దాస్తామని పోయి నేను దొరికిపోతినే" అని నవ్వేది అమ్మ. ఆ యేడు ఎండాకాలం దాటకనే కన్నుమూసింది.

నీళ్లు పోసుకునేటప్పుడు తడిమి చూసుకోండమ్మా, సిగ్గుపడాకండి. మీ ఇండ్లల్లో తల్లులు పండు ముసలోళ్లయ్యేదాకా చల్లగుండాల.